పార్టీలో ఫిర్యాదుల కమిటీకి పేరివ్వాలా? ఇచ్చేముందు చేతికి రావాల్సిన కాగితం

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడలో పార్టీ మహిళా విభాగంలో కొన్నేళ్లుగా తిరుగుతున్నారు, ఇప్పుడు జిల్లాలో ఫిర్యాదుల కమిటీ వేస్తున్నారు, వేధింపులు, దౌర్జన్యం, చందాల డబ్బు గోల్‌మాల్ ఏదైనా సరే కార్యకర్తలు వచ్చి చెప్పుకుంటే విని విచారించాలి, జీతమేమీ లేదు, ఇష్టమున్నవాళ్లు పేర్లివ్వమన్నారు. ఇవ్వాలా వద్దా, లా చదవని నేను పనికొస్తానా, ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు, ఏం చేయాలి అని.

ఇవ్వండమ్మా. కాకపోతే ఒక కాగితం చేతికొచ్చాకే ఇవ్వండి. ఆ కాగితం ఏంటో ముందు చెప్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

నాది గుంటూరు. ఉద్యోగ సంఘంలో ఉన్నప్పటి నుంచి ఈ పని అలవాటు, తర్వాత రెండు మూడు కంపెనీల్లో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చున్నాను, ఆ తర్వాత ఒక పార్టీ జిల్లా కమిటీలో ఇదే పని చేశాను. పార్టీ పేరు అనవసరం. కంపెనీలో విచారణకీ పార్టీలో విచారణకీ ఉన్న తేడా ఏంటంటే, కంపెనీలో యజమాని ఎవరో తెలుసు, రిపోర్టు ఎవరి టేబుల్ మీదకు వెళ్తుందో తెలుసు, ఎన్ని రోజుల్లో కదలాలో చట్టంలో రాసి ఉంటుంది. పార్టీలో ఈ మూడూ గాల్లో ఉంటాయి. వినడం ఎవరైనా వింటారు. విన్నాక మీరు రాసిన రిపోర్టు ఎవరి సొరుగులోకి వెళ్లి ఎన్నాళ్లు పడుకుంటుంది అన్నదే అసలు విషయం. ఆ సంగతి తేల్చుకోకుండా కూర్చుంటే తాళం మీ చేతికిచ్చి బీరువా వాళ్లింట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది.

అందుకని పేరిచ్చేముందు నియామక పత్రం అడగండి, అదీ లెటర్‌హెడ్ మీద. అందులో ఇవి ఉండాలి. కమిటీని పార్టీ నిబంధనావళిలో ఏ నియమం కింద వేశారు. ఎవరి మీద ఫిర్యాదు తీసుకోవచ్చు, అంటే జిల్లా అధ్యక్షుడి మీద, నియోజకవర్గం ఇన్‌ఛార్జి మీద వస్తే మీరే వింటారా, పై కమిటీకి పంపుతారా. రిపోర్టు ఎవరికివ్వాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. మీ పదవీకాలం ఎంత. మొదటిది చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లో సెక్షన్ 29ఎ కింద నమోదైన ప్రతి పార్టీ ఎన్నికల సంఘానికి తన నిబంధనావళి ఇచ్చి ఉంటుంది, సభ్యుణ్ని సస్పెండ్ చేయాలన్నా తీసేయాలన్నా దాని ప్రకారమే చేయాలి. మీ కమిటీ ఆ నిబంధనల్లో ఎక్కడా లేకపోతే, నోటీసు అందుకున్నాయన తెచ్చుకునే లాయరు మొదట అడిగేది "అసలు మీరెవరు?" అనే. క్రమశిక్షణ కమిటీ అని ఇప్పటికే ఒకటి ఉంటే మీ కమిటీని దానికి అనుబంధంగా వేయమనండి, లేకపోతే రాష్ట్ర కమిటీ తీర్మానం కాపీ అడగండి. "మీరు మొదలుపెట్టండమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం" అంటే ఆ కాగితాలు ఎప్పటికీ రావు.

చట్టం గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది, లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది కదా, పార్టీకీ వర్తిస్తుంది కదా అని. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే కార్యకర్త మీద జరిగిన అఘాయిత్యం నేపథ్యంలో 1997లో సుప్రీంకోర్టు పనిచోట వేధింపుల మీద విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది (విశాఖ అంటే ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు), పదహారేళ్లకు పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. అందులో ఉద్యోగి అన్న నిర్వచనంలో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు, అందుకే కార్యకర్తలకూ వర్తిస్తుందని కొందరి వాదన. కానీ 2022 మార్చిలో కేరళ హైకోర్టు, పార్టీకీ సభ్యులకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు అంతర్గత కమిటీ వేయాల్సిన పని లేదంది. దాని మీద అప్పీలును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నాకు నచ్చలేదు ఆ మాట, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా: ఈరోజుకి కార్యకర్తకు పార్టీలో దక్కేది పార్టీ తనంతట తాను పెట్టుకున్న నియమమే. అందుకే పైన ఆ కాగితం గురించి అంత చెప్పాను.

అయితే జీతానికి పనిచేసేవాళ్ల సంగతి వేరు. పార్టీ ఆఫీసులో డేటా ఎంట్రీ చేసే అమ్మాయి, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి, వంటమనిషి, వీళ్లు ఉద్యోగులే. పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే అక్కడ అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పదిమంది కంటే తక్కువున్నా, ఫిర్యాదు యజమాని స్థానంలో ఉన్నాయన మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, అక్కడికి వెళ్లొచ్చు. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. ఎన్నికల ముందు సర్వే చేయడానికి వచ్చే ఏజెన్సీ పిల్లలైతే వాళ్ల ఏజెన్సీ కమిటీకి చెప్పుకోవచ్చు. మీ దగ్గరకు వచ్చినామె ఏ కోవలోకి వస్తుందో మొదటి రోజే చూడండి. ఆమెకు చట్టంలో ఉన్న దారి చెప్పకుండా మన కమిటీలోనే కూర్చోబెట్టుకుంటే ఆ మూడు నెలలు మన చేతుల్లోనే కరిగిపోతాయి. ఇక మీ కమిటీకి సొంత నియమాలు రాసుకోవాల్సి వస్తే కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, ఆ చట్టంలోవే ఎత్తి రాసుకోండి: సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు, అధ్యక్షత ఆడమనిషిది, బయటి సభ్యులు ఒకరు, 90 రోజుల్లో విచారణ పూర్తి, తర్వాత 10 రోజుల్లో రిపోర్టు, 60 రోజుల్లో చర్య.

ఇప్పుడు వినడం గురించి. పార్టీ ఆఫీసులో వినకండి. గాంధీనగర్ హోటళ్లలో కూడా వద్దు, అక్కడ ప్రతి రెండో టేబుల్ దగ్గర ఏదో ఒక పార్టీ మనిషి కాఫీ తాగుతూ ఉంటాడు, మీ ఇద్దరినీ కలిపి చూశాడంటే సాయంత్రానికి భవానీపురం దాకా తెలిసిపోతుంది. ఆమెకు వీలైన చోటు ఆమెనే చెప్పమనండి. మేము చాలాసార్లు తెలిసిన లాయరు గారి ఇంటి ముందుగదిలో కూర్చున్నాం, ఒకసారైతే ఇద్దరికీ మధ్యలో ఉంటుందని మంగళగిరిలో. మీ వైపు ఇద్దరు ఉండాలి, ఒకరు మాట్లాడటానికి ఒకరు రాయడానికి. ఒంటరిగా ఎప్పుడూ వినొద్దు, తర్వాత "ఆవిడే చెప్పించింది" అన్న మాట వస్తే మీకు సాక్షి ఉండడు.

ఆమె చెప్పే వరసలోనే చెప్పనివ్వండి. మధ్యలో "నువ్వు ఆ టైములో అక్కడికి ఎందుకెళ్లావమ్మా" అనే ప్రశ్న నోటిదాకా వస్తుంది, ముఖ్యంగా మన వయసు ఆడవాళ్లకు. మింగేయండి. ప్రచారం రాత్రి పదింటిదాకా జరుగుతుంది, ఇన్‌ఛార్జి కారులో దింపుతానంటే ఎక్కక ఏం చేస్తుంది? రాసింది ఆమె మాటల్లోనే ఉండాలి, "అసభ్యంగా ప్రవర్తించాడు" అని మన మర్యాద భాషలోకి మార్చొద్దు, ఏమన్నాడో అది, ఏం చేశాడో అది. తేదీ గుర్తులేకపోతే ఫలానా సభ జరిగిన మర్నాడు అని రాసినా చాలు. చదివి వినిపించి, దిద్దించి, సంతకం తీసుకుని, ఒక కాపీ ఆమెకిచ్చేయండి. ఆ కాపీ ఇవ్వడానికి పైవాళ్లు మొహమాటపడతారు. ఇవ్వాల్సిందే, మీ ఫైలు మాయమైనా ఆమె దగ్గరది మిగులుతుంది.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వొద్దు. విచారణ అంటేనే కొందరికి తెలుస్తుంది, ఎదుటివాడికి కూడా తెలుస్తుంది. ఎవరెవరికి తెలుస్తుందో పేర్లతో చెప్పండి, అది విని ఆమె ఆగిపోతానంటే ఆగనివ్వండి, మళ్లీ ఎప్పుడైనా రావచ్చని చెప్పండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దీని దగ్గర ఆగి రెండుసార్లు చదవండి. మన దగ్గర విద్యార్థి విభాగాలు ఇంటర్ పిల్లలతో నిండి ఉంటాయి. గుంటూరు, బెజవాడ, తాడేపల్లి, ఎక్కడ చూసినా కార్పొరేట్ కాలేజీలే, వాటిలో ధర్నాకు వచ్చే పిల్లలకు పదహారు, పదిహేడేళ్లు. పద్దెనిమిది నిండని పిల్ల గానీ పిల్లాడు గానీ లైంగిక వేధింపు గురించి చెప్తే అది మీ కమిటీ పని కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012 సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకూ జైలు, సంస్థకు బాధ్యుడైనాయన తన కింద పనిచేసేవాడి సంగతి దాస్తే ఏడాది వరకూ. "పిల్ల భవిష్యత్తు పాడవుతుంది, మనలో మనం చూసుకుందాం" అని ఎవరో పెద్దాయన తప్పకుండా అంటాడు. విచారణ మొదలుపెట్టొద్దు, గుచ్చి గుచ్చి ప్రశ్నలు అడగొద్దు, చెప్పిన నాలుగు మాటలు రాసుకుని ఆరోజే చెప్పేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది. కమిటీ మొదటి మీటింగులోనే ఈ నియమం మినిట్స్‌లో రాయించండి, అప్పుడు ఆ రోజు వచ్చినప్పుడు వాదన ఉండదు.

పెద్దవాళ్ల విషయంలో పోలీసుల దగ్గరకు వెళ్లడం, వెళ్లకపోవడం ఆమె ఇష్టం. వెళ్లమని తొయ్యొద్దు, వెళ్లొద్దని ఆపనూ వద్దు. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు, అంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవచ్చని, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరుతో చేరవచ్చని చెప్పండి. కులం పేరుతో దూషించిన ఫిర్యాదైతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, దాన్ని కమిటీలో రాజీ చేసే అధికారం మనకెవరూ ఇవ్వలేదు.

ఫోన్ల సంగతి. వాట్సాప్ మెసేజ్‌లు మీ సొంత ఫోనుకు ఫార్వర్డ్ చేయించుకోవద్దు. ఆమె ఫోనులో ఉన్నవి ఉన్నట్టు ఉంచమనండి, డిలీట్ చేయొద్దు, ఫోను మార్చొద్దు, రేపు కోర్టుకు వెళ్తే అసలు ఫోను కావాలి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. మీరు స్క్రీన్ చూసి, తేదీ, టైము, నంబరు, మాటలు కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టించుకుంటే మన విచారణకు చాలు. నగ్న ఫోటోలు, వీడియోలు ఉంటే కాపీ అసలే తీసుకోవద్దు, అవి మీ దగ్గర ఉండటమే ప్రమాదం. కమిటీకి వాట్సాప్ గ్రూపు పెట్టుకుందాం అని ఎవరైనా ఉత్సాహపడితే, మీటింగు టైము చెప్పుకోవడానికి తప్ప వద్దని చెప్పండి. నా అనుభవంలో లీకులన్నీ ఆ గ్రూపుల నుంచే.

ఎదుటివాడు కూడా మీ కార్యకర్తే, ఇది మర్చిపోతారు చాలామంది. ఆరోపణ ఏంటో రాతలో ఇవ్వాలి, జవాబుకు టైమివ్వాలి, అతని సాక్షుల్ని వినాలి, అతన్ని కూడా కూర్చోబెట్టి టీ ఇప్పించి మాట్లాడాలి. ఈలోగా ఆమెకు అతనితో పని పడకుండా చూడాలి, అంటే అతన్ని ఆ మండలం బాధ్యతల నుంచి పక్కన పెట్టడం, గ్రూపు అడ్మిన్‌గా తీసేయడం లాంటివి. ఇది శిక్ష కాదని నోటీసులోనే రాయండి. మన పార్టీల్లో జరిగేది మాత్రం ఎప్పుడూ తలకిందులు, "నీ మంచికేనమ్మా" అని ఆమెను వేరే డివిజన్‌కు మార్చేస్తారు, ఆర్నెల్లకు ఆమె ఇంట్లో ఉంటుంది, అతను కార్పొరేటర్ టికెట్ అడుగుతుంటాడు. ఇంకోటి, ఫిర్యాదు రుజువు కాకపోవడం వేరు, అబద్ధపు ఫిర్యాదు వేరు. 2013 చట్టం కూడా రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆమె మీద చర్య తీసుకోకూడదని చెప్తుంది.

వర్గాల గురించి చెప్పకపోతే ఈ సమాధానం అబద్ధం అవుతుంది. పార్టీలో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి మనిషి. ఫిర్యాదు వచ్చిన గంటలో మీకు ఫోన్ వస్తుంది, "అమ్మా, ఆ పిల్ల వెనకాల ఫలానా ఆయన ఉన్నాడు, టికెట్ కోసం చేయిస్తున్నాడు" అని. నిజమే అయ్యుండొచ్చు. వెనకాల ఎవరో ఉన్నంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు, అన్నేళ్లు నోరు మూసుకున్నామె ఇప్పుడు తన వెనక ఎవరో నిలబడితేనే ధైర్యం తెచ్చుకుని ఉండొచ్చు కూడా. ఎవరు పంపారన్నది పక్కన పెట్టి ఏం జరిగింది అన్నదే చూడండి. అదే సమయంలో ఒక నాయకుడొచ్చి "ఆమె తరఫున నేనిస్తున్నా ఫిర్యాదు" అంటే తీసుకుని పక్కన పెట్టి, నేరుగా ఆమెతో మాట్లాడండి. ఆమెకే తెలియకుండా ఆమె పేరు వాడుకున్న సందర్భాలు చూశాను. మీకు రాజకీయంగా అన్నం పెట్టినాయన మీదో, మీ డివిజన్ వాళ్ల మీదో, బంధువుల మీదో వస్తే మీరు లేచి బయటికి వెళ్లిపోవాలి, ఆ మాట మినిట్స్‌లో ఎక్కాలి.

ఇక రాజీ. ఊళ్లో పెద్దమనుషుల పంచాయతీ అలవాటున్న వాళ్లం కదా, కాళ్లు పట్టించడం, ఆసుపత్రి ఖర్చుల కింద ఇంత అని ఇప్పించడం, అందరూ కలిసి భోజనం చేసి వెళ్లిపోవడం. 2013 చట్టంలో కూడా రాజీ అనేది ఆమె అడిగితేనే, డబ్బు ఆధారంగా చేయడానికి వీల్లేదు. మీ నియమాల్లో కూడా అదే పెట్టండి. "ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నది రెండో రకం రాజీ. పంచాయతీ ఎన్నికలయ్యాక మున్సిపల్, అదయ్యాక అసెంబ్లీ, ఈ రాష్ట్రంలో ఎన్నికలు లేని సంవత్సరం ఏది? వాయిదా అడిగితే నోటితో ఒప్పుకోకండి, ఎవరడిగారో, ఎందుకో, ఏ తేదీ వరకో రాసివ్వమనండి. రాయమనేసరికి సగం వాయిదాలు ఆగిపోతాయి.

డబ్బు ఫిర్యాదులు తేలిక, కాగితం మాట్లాడుతుంది. రసీదు పుస్తకాలు, బ్యాంకు ఖాతా తెప్పించి జిల్లా కోశాధికారిని పక్కన కూర్చోబెట్టండి. 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టంలో పార్టీకి ఉన్న మినహాయింపుకే చిక్కు, అది గుర్తుచేస్తే రాష్ట్ర ఆఫీసు వెంటనే కదులుతుంది.

టీవీ వాళ్లు ఫోన్ చేస్తారు, చేయకపోతే మనవాళ్లే చేయిస్తారు. "ఫిర్యాదు అందింది, విచారణ జరుగుతోంది" అన్నదాన్ని మించి ఒక్క ముక్క వద్దు, ఆ ముక్క కూడా కమిటీ అధ్యక్షురాలే చెప్పాలి. అత్యాచారం కేసైతే ఆమె ఎవరో తెలిసేలా చేసినా నేరమే, రెండేళ్ల వరకూ శిక్ష ఉంది. పరువు నష్టం కేసు వేస్తామని బెదిరిస్తారు కూడా. అధికారం ఉన్నవాళ్లకు సద్బుద్ధితో చేసిన ఫిర్యాదుకు, అధికారం ఉన్నవాళ్లు సద్బుద్ధితో చేసిన మందలింపుకు భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం గురించిన సెక్షన్ 356లోనే మినహాయింపులున్నాయి. "అధికారం ఉన్నవాళ్లు" అన్న మాట చూశారా, మళ్లీ ఆ నియామక పత్రం దగ్గరకే వచ్చాం.

ఇంట్లోవాళ్ల భయం సంగతి. వాళ్లది అర్థం లేని భయం కాదు. రాత్రి పదకొండుకు ఫోన్లు వస్తాయి, పెళ్లిళ్లలో కొందరు మొహం తిప్పుకుంటారు, మీ వారిని బజార్లో ఆపి మాట్లాడతారు. సొంత నంబరు ఇవ్వకండి, కమిటీ పేరు మీద వేరే సిమ్ తీసుకుని సాయంత్రం ఏదో ఒక గంటా రెండు గంటలే ఆన్ చేయండి, అత్యవసరమైతే 112కో, మహిళా హెల్ప్‌లైన్ 181కో చేయమని ముందే చెప్పండి. ఇంట్లో కేసుల గురించి మాట్లాడకండి. "మాకు చెప్పదు" అని మీ వారు నిజాయితీగా అనగలిగితే ఆయన్ని ఆపి అడిగేవాళ్లు తగ్గుతారు. విన్న మాటలు మాత్రం మీతో పాటు నిద్రలోకి వస్తాయి, టెన్షన్ ఉంటుంది, అందుకే రెండేళ్లకు మించి వరసగా చేయొద్దని నా సలహా.

రిపోర్టు ఇచ్చాక చెప్పిన గడువు దాటినా కదలిక లేకపోతే ఒకసారి రాతపూర్వకంగా గుర్తుచేయండి, తర్వాత పై కమిటీకి రాయండి, అప్పటికీ లేకపోతే కారణం రాసి రాజీనామా ఇచ్చి, తన ఫిర్యాదు ఎక్కడ ఆగిందో ఆమెకు చెప్పేయండి. చెప్పకుండా మెల్లగా మీటింగులు మానేయడం ఆమెకు అన్యాయం, ఆమె మీరింకా ఉన్నారనే అనుకుంటుంది.

లా చదవకపోతే ఏం నష్టం లేదు. మంచి దస్తూరీ, తేదీలు మర్చిపోని అలవాటు, నోరు కట్టుకోవడం, ఇవి లాయర్లలోనూ అరుదే. బయటి సభ్యురాలిగా మాత్రం ఏ పార్టీతోనూ సంబంధం లేని న్యాయవాదిని అడగండి, బెజవాడ బార్‌లో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు, కుటుంబ వ్యవహారాల కేసులు చూసేవాళ్లయితే వినే ఓపిక ఎక్కువ ఉంటుంది. మీ పార్టీ నిబంధనావళిలో క్రమశిక్షణ చర్యల పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎవరి పేర్లూ లేకుండా. నియామక పత్రంలో ఏ వాక్యం ఎలా ఉండాలో దాన్ని చూసి రాసిస్తాను.